పాఠం ఆగకుండా పని: ఖరగ్‌పూర్ నేర్పే క్రమశిక్షణ

ఖరగ్‌పూర్ పేరు వినగానే ఉత్తరాంధ్ర కుటుంబాలలో చాలామందికి మొదట స్ఫురించేది రైలుబండి. తాతగారో, మేనమామగారో బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఫిట్టరుగానో గ్యాంగ్‌మన్‌గానో చేరి, అక్కడే క్వార్టరు తీసుకొని, అక్కడే పిల్లల పెళ్ళిళ్ళు చేసి, పదవీ విరమణ తరువాత కూడా ఆ ఊరు విడిచి రాలేకపోయిన కథలు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో కొల్లలు. 1887లో ఏర్పడిన ఆ రైల్వే సంస్థ పందొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరాలలో ఈ ఎర్రమట్టి మెట్టమీద స్టేషనును, వర్క్‌షాపును నెలకొల్పింది. నాటినుండి గోల్‌బజారులో, మథురాకాటీలో, నిమ్‌పురాలో తెలుగు మాట వినిపిస్తూనే ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును రాష్ట్ర అధికార భాషలలో ఒకటిగా గుర్తించేందుకు ఆమోదం తెలిపిందంటే, అందుకు ఈ పట్టణంలోని మనవారి సంఖ్యాబలం ముఖ్య కారణాలలో ఒకటి.

ఇక రెండవసారి స్ఫురించేది విద్యాలయం. దేశంలో తొలి ఐ.ఐ.టి. వెలసింది ఇక్కడే. సుమారు 2,100 ఎకరాల ప్రాంగణం అది. స్టేషను నుండి పురీ గేటు మీదుగా రిక్షాలో బయలుదేరితే, ఇంజను కూతలు వెనుకబడి, సాలవృక్షాల నీడలో సైకిళ్ళమీద సాగిపోయే విద్యార్థులు ఎదురవుతారు. ఒకే ఊరిలో రెండు లోకాలు. అయితే ఈ రెండు లోకాలకూ ఒక సమస్య ఉమ్మడిగా ఉన్నది. రెండింటిలోనూ కట్టడాలు, యంత్రాలు పాతబడతాయి; వాటిని బాగు చేయక తప్పదు. బాగు చేయడానికి ఒక్కరోజైనా పూర్తిగా మూసివేయడం రెండింటికీ సాధ్యం కాదు. బండ్లు నడుస్తూండగానే పట్టాలు మార్చాలి. పాఠాలు నడుస్తూండగానే గోడలు మార్చాలి.

నిర్మాణరంగంలో పనిచేసే మన వంటి సంస్థలకు నానాటికీ ఎక్కువగా అప్పగింపబడుతున్నవి ఈ రెండవరకం పనులే. ఖాళీ స్థలంలో కొత్త భవనం కట్టడం వేరు. మనుషులు మసలుతున్న పాత భవనాన్ని పునరుద్ధరించడం వేరు. మొదటిదానిలో మన ప్రత్యర్థి కాలం ఒక్కటే. రెండవదానిలో ప్రతి సుత్తిదెబ్బా ఎవరో ఒకరి చెవిన పడుతుంది. ఈ సత్యాన్ని నేను పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు. ఒక పొరపాటు చేసి తెలుసుకున్నాను.

ఒక ఆదివారం రాత్రి

ఇరవై ఏళ్ళ క్రిందటి మాట. ఒక విద్యాసంస్థలో మూడంతస్తుల పాత భవనం పునరుద్ధరణ పనికి నేను ఇన్‌ఛార్జిగా ఉండేవాడిని. విద్యుత్ పంపిణీ బోర్డు శిథిలమైపోయి, తీగల మీది తొడుగు చేతితో తాకితే పొడిగా రాలిపోయే స్థితిలో ఉన్నది. శనివారం రాత్రినుండి సోమవారం ఉదయం వరకు సరఫరా నిలిపివేసి బోర్డు మార్చాలని నిర్ణయించాము. సంస్థ విద్యుత్ విభాగంనుండి లిఖితపూర్వకమైన అనుమతి తీసుకున్నాను. కార్యాలయం నోటీసుబోర్డు మీద ప్రకటన అంటించాము. పని అనుకున్న గడువుకు రెండు గంటలు ముందే ముగిసింది. నాకు ఎంతో గర్వంగా ఉండింది.

సోమవారం ఉదయం పదిగంటలకు రెండవ అంతస్తు ప్రయోగశాలలో ఒక పరిశోధక విద్యార్థిని శీతల యంత్రం తలుపు తెరచి అలాగే నిలబడిపోయింది. మూడేళ్ళుగా ఆమె సేకరించి భద్రపరచుకున్న నమూనాలన్నీ కరిగి నీరై ఉన్నాయి. ఆమె ఎవరినీ దూషించలేదు. "ఒక్కమాట నాతో చెప్పి ఉంటే పక్క భవనంలో పెట్టుకొనేదాన్ని కదండీ" అని మాత్రం అన్నది. నావద్ద సమాధానం లేదు. నా దస్త్రంలో అన్ని సంతకాలూ సక్రమంగానే ఉన్నాయి. నామీద ఏ చర్యా తీసుకోలేదు. ఆ మాట మాత్రం నన్ను ఇప్పటికీ విడువలేదు.

కొన్ని నెలల తరువాత ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన మా మేనమామగారి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆయన రైల్వే సిగ్నల్ విభాగంలో జీవితకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. అంతా విని ఒకే ప్రశ్న వేశారు.

"ఆ కరెంటు తీసే ముందు ఎవరి సంతకం తీసుకున్నావురా అల్లుడూ?"

"ఎలక్ట్రికల్ వారిది తీసుకున్నాను మావయ్యా."

"అది తీగ ఉన్నవాడి సంతకం. తీగమీద బతికేవాడి సంతకం ఏదిరా?"

నేటివరకు నేను చదివిన నిర్మాణ నిర్వహణ గ్రంథాలన్నింటి సారం ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నదని నా నమ్మకం.

సిగ్నల్ వారి కాగితం

మావయ్య ఆ సాయంకాలం వివరించిన రైల్వే పద్ధతి చాలా సరళమైనది. స్టేషను పరిధిలో ఏ పాయింటునైనా, ఏ సిగ్నల్ పరికరాన్నైనా మరమ్మతుకు విప్పవలసి వస్తే, సిగ్నల్ విభాగం ఉద్యోగి ముందుగా స్టేషన్ మాస్టరుకు డిస్‌కనెక్షన్ మెమో ఇవ్వాలి. ఏ పరికరం, ఏ పనికోసం, ఎంతసేపు అన్నవి అందులో వ్రాయాలి. స్టేషన్ మాస్టరు రాబోయే బండ్లను లెక్కచూసుకొని, సమ్మతించి సంతకం చేసిన తరువాతనే పనిముట్టు బయటకు తీయాలి. పని ముగిసిన తరువాత ఇరువురూ కలిసి పరీక్షించి, రీకనెక్షన్ మెమో మీద సంతకాలు చేయాలి. ఆ రెండవ కాగితం చేతికి వచ్చేవరకు, పరికరం చూపులకు ఎంత చక్కగా పనిచేస్తున్నట్లున్నా, అది పనిచేయడం లేదనే పరిగణించాలి.

ఇందులోని సూక్ష్మాన్ని గమనించండి. ఇక్కడ అనుమతి ఇచ్చేవాడు పరికరానికి యజమాని కాడు. ఆ పరికరాన్ని నమ్ముకొని బండిని నడిపించేవాడు. ప్రాంగణ పనులలో మనం సాధారణంగా దీనికి విరుద్ధంగా చేస్తాము. ఎస్టేటు కార్యాలయం అనుమతి ఇస్తే చాలుననుకుంటాము. తరగతిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుడు, ప్రయోగశాలలో రాత్రంతా యంత్రం నడిపే పరిశోధకుడు, వసతిగృహంలో పరీక్షకు చదువుకొనే కుర్రవాడు మన దస్త్రంలో ఎక్కడా కనిపించరు.

పట్టాల పనికీ ఇటువంటి నియమమే ఉన్నది. పట్టా మార్చాలంటే ఇంజనీరింగ్ విభాగం బ్లాకు అడగాలి. కంట్రోల్ ఆఫీసు ఇన్ని గంటలనుండి ఇన్ని గంటలవరకు అని కేటాయిస్తుంది. ఆ వ్యవధిలో దారి పనివారిది. వ్యవధి ముగిసేసరికి దారిని బండ్లకు తిరిగి అప్పగించాలి. అప్పగించలేకపోతే రైల్వే పరిభాషలో బ్లాకు 'బరస్ట్' అయినట్లు. దానికి సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుచేత అనుభవజ్ఞులు మూడు గంటల బ్లాకు దొరికితే రెండున్నర గంటల పనినే తలపెడతారు. మిగిలిన అరగంట సర్దుబాటుకు, పరీక్షకు.

జైలుగదులలో తొలి పాఠాలు

ఇదే పట్టణంలోని విద్యాలయ చరిత్రను పరిశీలిస్తే, కట్టడాల పనికీ పాఠానికీ మధ్య పొత్తు దాని పుట్టుకతోనే మొదలైనదని తెలుస్తుంది. 1950 మేలో కలకత్తాలో ఎస్ప్లనేడ్ ఈస్ట్‌లోని కార్యాలయంలో ప్రారంభమైన ఈ సంస్థ, అదే సంవత్సరం సెప్టెంబరులో హిజ్లీకి తరలివచ్చింది. అప్పటికి అక్కడ విద్యాలయ భవనమంటూ ఏదీ లేదు. ఉన్నది ఒక నిర్బంధ శిబిరం. 1930లో స్వాతంత్ర్య సమరయోధులను నిర్బంధించేందుకు బ్రిటిష్ ప్రభుత్వం నెలకొల్పిన ఆ శిబిరంలో, 1931 సెప్టెంబరు 16 రాత్రి నిరాయుధులైన నిర్బంధితులపై పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అమరులైనారు. ఆ దుశ్చర్యను రవీంద్రనాథ్ ఠాకూర్ తీవ్రంగా నిరసించారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా వైమానిక దళపు బాంబర్ కమాండు ఖరగ్‌పూర్‌ను కేంద్రంగా చేసుకొన్నప్పుడు ఆ కట్టడాలు మరొక ఉపయోగానికి వచ్చాయి.

ఆ గోడల మధ్యనే, డాక్టర్ జ్ఞానచంద్ర ఘోష్ తొలి డైరెక్టరుగా, 1951 ఆగస్టులో తొలి విద్యాసంవత్సరం ఆరంభమైంది. విద్యార్థులు 224 మంది; అధ్యాపకులు 42 మంది. ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ సంస్థను లాంఛనంగా ప్రారంభించారు. 1952 మార్చి 3న పండిట్ నెహ్రూ నూతన భవనానికి శంకుస్థాపన చేశారు. స్విట్జర్లాండు వాస్తుశిల్పి వెర్నర్ మోజర్ రూపకల్పన చేసిన ప్రధాన భవనం ఒకవైపు లేస్తూండగా, మరొకవైపు పాత శిబిరంలో పాఠాలు సాగాయి. 1956లో నెహ్రూ మళ్ళీ వచ్చి తొలి స్నాతకోత్సవంలో ప్రసంగించారు.

నేటి నిర్వహణ శాస్త్రం దృష్టితో చూస్తే, ఆనాటివారు చేసినది ఎంతో వివేకవంతమైన పని. కొత్త కట్టడం పూర్తి అయ్యేవరకు పాఠం చెప్పుకోవడానికి మరొక గూడు ముందే సిద్ధంగా ఉన్నది. మన తెలుగునాట కూడా ఇందుకు ఉదాహరణలు లేకపోలేదు. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1939లో ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమయ్యేవరకు, హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ ప్రాంతపు అద్దె ఇళ్ళలో కాలం గడిపింది. 1942లో విశాఖపట్నంపై జపాను బాంబులు పడినప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలివెళ్ళి, యుద్ధం ముగిసిన తరువాత వాల్తేరుకు తిరిగి వచ్చింది. భవనం మారినా విద్య నిలువలేదు.

అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం 1997లో భూకంపాలనుండి రక్షణకోసం భవనాలను పటిష్ఠపరచే బృహత్కార్యక్రమాన్ని చేపట్టినప్పుడు మొదట ఆలోచించినది కూడా ఈ గూటి సంగతే. ఖాళీ చేయించిన శాఖలు తలదాచుకొనేందుకు తాత్కాలిక భవనాలను సిద్ధం చేసి, ఒకదాని తరువాత ఒకటిగా శాఖలను వాటిలోకి తరలిస్తూ పని సాగించారు. 1907 నాటి హర్స్ట్ స్మారక గనుల భవనాన్ని పునాదుల వద్ద కంపనాలను ఇముడ్చుకొనే ఆధారాలపై నిలిపి, 2002లో తిరిగి తెరిచారు. వెలుపలి రూపం చెక్కుచెదరలేదు.

యార్డు నేర్పిన సత్యం

2017 నవంబరులో ఖరగ్‌పూర్ స్టేషను యార్డులో జరిగిన పనిని ఈ సందర్భంలో తలచుకోవాలి. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందిన 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఉన్న స్టేషను ఇది. హౌరా, టాటానగర్, ఆద్రా, భువనేశ్వర్ దిక్కులనుండి వచ్చే దారులు ఇక్కడ కలుస్తాయి. అక్కడ 423 మార్గాలను నియంత్రించే పాత రూట్ రిలే ఇంటర్‌లాకింగ్ స్థానంలో 800 మార్గాలను నియంత్రించగల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌ను అమర్చారు. అంత పెద్ద వ్యవస్థ అప్పటికి మరెక్కడా లేదని రైల్వే ప్రకటించింది.

ఇటువంటి మార్పిడి సమయంలో కొన్ని దినాలపాటు యార్డు 'నాన్ ఇంటర్‌లాకింగ్' స్థితిలో ఉంటుంది. పాయింట్లను మనుషులు స్వయంగా కదిలించి, బిగించి, తాళం వేయాలి. బండ్లు మెల్లగా నడవాలి. అంతకు ముందే పని ప్రణాళికను అనుసరించి ఏయే బండ్లు రద్దు, ఏవి దారి మళ్ళింపు, ఏవి మధ్యలో నిలుపుదల అన్నది తేదీలతో సహా ప్రకటిస్తారు. 2017లోనూ అనేక రైళ్ళు రద్దయ్యాయి. ప్రయాణికులకు కష్టం కలిగింది. అయితే ఆ కష్టం ఏ రోజు మొదలై ఏ రోజు ముగుస్తుందో వారికి ముందే తెలుసు.

ఇక్కడే ప్రాంగణ నిర్వాహకులు గ్రహించవలసిన ప్రధానమైన సత్యం ఉన్నది. "విద్యార్థులకు ఎటువంటి అసౌకర్యమూ కలుగకుండా పనులు పూర్తి చేస్తాము" అని శంకుస్థాపన సభలలో చెప్పడం మనకు ఆనవాయితీ. అది నెరవేరే మాట కాదు. అసౌకర్యం కలుగక మానదు. దానిని ముందే కొలిచి, తగ్గించగలిగినంత తగ్గించి, మిగిలినదానిని దాచకుండా ప్రకటించడమే నిజాయితీ. రద్దు చేసిన పది తరగతులకంటే, జరుగుతున్నట్లు నటిస్తూ డ్రిల్లింగ్ మోతలో ఎవరికీ వినబడని వంద తరగతులు ఎక్కువ నష్టం కలిగిస్తాయి.

పంచాంగం చూడకుండా ముహూర్తమా?

ఏ పని ఎప్పుడు అన్న ప్రశ్నకు సులభమైన సమాధానం "వేసవి సెలవులు". కాని దక్షిణ బెంగాలులో ఆ సమాధానం అంత సులభం కాదు. మే మొదటినుండి జూలై సగం వరకు పది వారాల వ్యవధి కాగితం మీద కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల సాయంత్రాలలో కాలబైశాఖి గాలివానలు హఠాత్తుగా విరుచుకుపడతాయి. పరంజాలను, రేకుల షెడ్లను గట్టిగా కట్టకపోతే ప్రమాదం. జూన్ రెండవ వారానికి రుతుపవనాలు వస్తాయి. ఆ తరువాత పైకప్పు విప్పడానికి లేదు. వేసిన గచ్చు ఆరదు. అంటే పైకప్పు పనికి నిజంగా మిగిలేది ఐదారు వారాలు. పోనీ అప్పుడైనా పనివారు పూర్తిగా దొరుకుతారా అంటే, ఏప్రిల్ చివరినుండి మే వరకు బోరో వరికోతలు. పల్లెలనుండి వచ్చే తాపీవారు, కూలీలు కోతలకు వెళ్ళిపోతారు.

అందుచేత పనిని జాతులవారీగా విడదీసుకోవాలి. పైకప్పు, వానగొట్టాలు, ఎండు వాతావరణం కోరే పనులన్నీ మే నెలకు. గోడలు పగలగొట్టడం వంటి భరించరాని మోతగల పనులు సెలవులకు. కిటికీల రంగు, ఫర్నిచరు, దీపాల అమరిక వంటి నిశ్శబ్దపు పనులు చదువు నడిచే కాలానికి. దుర్గాపూజ సెలవులు చిన్నవైనా, ఒక విద్యుత్ బోర్డు మార్చడానికి, ఒక నీటిగొట్టం కలపడానికి చాలును. పరీక్షల వారాలలో ఏ పనీ ఉండరాదు. ఆ తేదీలను టెండరు పత్రంలోనే చేర్చి, కాంట్రాక్టరు తన రేట్లు వేసుకొనే ముందే తెలియజేయాలి. పని మొదలైన తరువాత "ఈ వారం ఆపండి" అంటే అది తగవుకు దారి తీస్తుంది.

మోత, దుమ్ము, దారి

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం విద్యాసంస్థల చుట్టూ నూరు మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చును. అటువంటి మండలంలో పరిమితి పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40. కాంక్రీటు పగలగొట్టే యంత్రం దగ్గర నిలబడితే శబ్దం నూటికి చేరువగా ఉంటుంది. ఈ రెండు అంకెలమధ్య దూరాన్ని కేవలం సదుద్దేశంతో పూడ్చలేము. గోడను గుద్ది పగలగొట్టడానికి బదులు నీటితో తడుపుతూ రంపంతో కోయించడం, జనరేటరును తరగతులకు దూరంగా ఉంచి తొడుగు వేయడం, మోత పనులకు రోజులో రెండు నిర్ణీత వేళలు కేటాయించడం చేయదగిన పనులు. ఉదయం ఏడునుండి తొమ్మిది వరకు, మధ్యాహ్నం భోజనవేళ ఒక గంట అని స్థిరపరిస్తే, ఉపాధ్యాయుడు తన పాఠాన్ని దానికి అనుగుణంగా సర్దుకోగలడు. ఎప్పుడు మొదలవుతుందో తెలియని చిన్న మోత, వేళకు వచ్చే పెద్ద మోతకంటే ఎక్కువ బాధిస్తుంది.

దుమ్ము మరింత ప్రమాదకరమైనది. ఇటుక, కాంక్రీటు కోసినప్పుడు లేచే ధూళిలో సన్నని సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తులలో చేరితే తిరిగి రాదు. ఉబ్బసం ఉన్న విద్యార్థికి ఒక గంట చాలు. పనివాడికి మాత్రం అది నిత్యమూ పీల్చే గాలి. తడిపి కోయడం, పనిచేసే గదిని వసారానుండి పూర్తిగా మూసివేయడం, శిథిలాలను పైనుండి విసరకుండా గొట్టం ద్వారా దించడం, ఏ రోజు చెత్త ఆ రోజే తరలించడం అనేవి ఖర్చుతో కూడినవే. ఆ ఖర్చును అంచనాలో ప్రత్యేకమైన పద్దుగా చూపాలి. చూపకపోతే, తక్కువ ధర వేసిన కాంట్రాక్టరు మొట్టమొదట మానివేసేది దానినే.

ఇక దారుల విషయం. పరంజా కట్టిన భవనంలో రెండు మెట్లదారులుంటే ఒకటి మూసివేయడం పరిపాటి. ఆ మూసిన దారే అగ్నిప్రమాద సమయంలో బయటపడే మార్గమైతే? దారి మూసే ముందు మరొక దారి చూపాలి. ఆ దారిలో దీపం వెలగాలి. చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థి కూడా దానిగుండా పోగలగాలి. తనిఖీకి వెళ్ళే ఇంజనీరు పగటివేళ కాకుండా, రాత్రి ఎనిమిది గంటలకు గ్రంథాలయంనుండి వసతిగృహం వరకు ఒకసారి నడిచి చూస్తే ఎన్నో లోపాలు తెలుస్తాయి.

గోడ వెనుక మనుషులు

ప్రాంగణంలో పని జరుగుతున్నప్పుడు అక్కడికి కొత్తగా ఒక చిన్న పల్లె వచ్చి చేరుతుంది. మేస్త్రీలు, కూలీలు, వారి భార్యలు, చంటిపిల్లలు. విద్యార్థుల ఇబ్బంది గురించి ఆలోచించే మనం వీరిని కూడా ఇబ్బందుల జాబితాలోనే వేస్తాము. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం త్రాగునీరు, మరుగుదొడ్లు, తాత్కాలిక నివాసం కల్పించాలని నిర్దేశించింది. యాభైమందికి మించి స్త్రీలు పనిచేసేచోట శిశుసదనం ఉండాలన్నది. చట్టం అక్కరలేకుండానే చేయదగిన పనులివి. కార్మికుడికి మరుగుదొడ్డి లేకపోతే ఆ లోటు ప్రాంగణమంతటికీ తెలుస్తుంది. విజ్ఞానశాస్త్రం బోధించే గోడకు ఇవతల, బడికి పోని బిడ్డ ఇసుకలో ఆడుకుంటూండడం ఏ విద్యాలయానికీ శోభ కాదు.

పాత కట్టడాలకు కూడా ఒక విధమైన ప్రాణం ఉంటుందని మరువరాదు. హిజ్లీ శిబిర భవనం నేడు షహీద్ భవన్‌గా నిలిచి ఉన్నది. 1990లో అక్కడ నెహ్రూ వైజ్ఞానిక సాంకేతిక ప్రదర్శనశాల ఏర్పడింది. అటువంటి కట్టడంలో మరమ్మతు అంటే కొత్తదిగా చేయడం కాదు. సున్నపు గార ఉన్న పాత గోడకు సిమెంటు గచ్చు దట్టిస్తే లోపలి తేమ బయటకు పోలేక గోడను తినివేస్తుంది. తీసిన ప్రతి పొరనూ ఫోటో తీసి, నమోదు చేసి, పాత పదార్థానికి సరిపడే పదార్థంతోనే పూరించాలి. ఇద్దరు యువకుల రక్తంతో తడిసిన నేలమీద పనిచేస్తున్నామన్న స్పృహ తాపీ పట్టిన చేతికి కూడా ఉండాలి.

తిరిగి అప్పగించే వేళ

పని మొదలుపెట్టేటప్పుడు చూపే శ్రద్ధ ముగించేటప్పుడు చూపము. ఇది మన అందరిలోనూ ఉన్న బలహీనత. దాని పర్యవసానం ఎంతటిదో ఖరగ్‌పూర్ రైల్వే డివిజన్ హృదయవిదారకంగా చూచింది. 2023 జూన్ 2 సాయంత్రం ఆ డివిజన్‌లోని బహనాగా బజార్ స్టేషనులో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురై 290 మందికి పైగా మరణించారు. మన తెలుగువారు నిత్యం ఎక్కే బండి అది. అంతకు పూర్వం సిగ్నల్ సర్క్యూటులో జరిపిన మార్పులోను, ఆ రోజు గేటు వద్ద అవరోధ దండం మార్పిడికి సంబంధించిన సిగ్నల్ పనిలోను జరిగిన లోపాలే ప్రమాదానికి కారణమని విచారణానంతరం రైల్వే మంత్రిత్వశాఖ పార్లమెంటుకు తెలిపింది. నడుస్తున్న వ్యవస్థమీద చేసిన మరమ్మతులు, సరిగా పరీక్షింపబడకుండా తిరిగి వాడుకలోకి వచ్చాయి. నియమాలు లేక కాదు. నియమాలున్నచోటనే ఇది జరిగింది.

విద్యాలయ భవనంలో లోపం అంతటి వినాశనానికి దారితీయకపోవచ్చు. కాని తప్పుగా కలిపిన తీగ తప్పుగా కలిపిన తీగే. అందుచేత పునరుద్ధరించిన ప్రతి గదికీ అప్పగింత పత్రం ఉండాలి. నీరు, విద్యుత్తు, అగ్నిమాపక గొట్టం, తలుపు గడియ ఒక్కొక్కటిగా పరీక్షించి, ఆ గదిలో రేపు కూర్చోబోయే వ్యక్తి సమక్షంలో సంతకం చేయాలి. అంతవరకు అది ఎంత అందంగా కనిపించినా వాడరాదు. గది తిరిగి ఇస్తామన్న తేదీకి ఇవ్వాలి. ఇవ్వలేమని తెలిసిననాడే తెలుపాలి.

ఆనాటి పరిశోధక విద్యార్థిని నమూనాలను మళ్ళీ మొదటినుండి సేకరించిందని తరువాత విన్నాను. ఆమెకు పట్టిన అదనపు కాలాన్ని మా సంస్థ ఏ బిల్లులోనూ చెల్లించలేదు, చెల్లించగలిగినదీ కాదు. ఆ తరువాత నేను చూచిన ప్రతి పనిలోనూ ఒక చిన్న కాగితాన్ని ప్రవేశపెట్టాను. నీరు, కరెంటు, దారి దేనిని ఆపవలసి వచ్చినా, దానివలన ప్రభావితమయ్యే ప్రతి గదికీ ఒక మనిషి వెళ్ళి, ఆ గదిలో ఉన్నవారిని కలిసి, చెప్పి, సంతకం తీసుకొని రావాలి. నోటీసుబోర్డు సరిపోదు. మొదట్లో మా మేస్త్రీలు విసుక్కున్నారు. ఒకసారి అలా వెళ్ళిన కుర్రవాడు తిరిగి వచ్చి, "సార్, మూడో అంతస్తులో చేపల తొట్లున్నాయండి, గాలిపంపు ఆగితే చచ్చిపోతాయట" అని చెప్పిన తరువాత ఎవరూ విసుక్కోలేదు. ఆ రాత్రి ఒక చిన్న జనరేటరు పెట్టించాము.

ఆ కాగితానికి మా కార్యాలయంలో అధికారిక నామమేదో ఉన్నది. నేను మాత్రం దానిని ఖరగ్‌పూర్ కాగితమనే పిలుస్తాను. మావయ్యకు ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన నవ్వి, "మంచిదిరా అల్లుడూ, రెండో కాగితం మరవకు" అన్నారు.